టెంప్లేట్ చొప్పించగానే కోడ్ వరుసలు పక్కకు జరిగిపోతుంటే ఎలా సరిచేయాలి

తరచుగా వాడే ఫంక్షన్ చట్రాన్నో, లూప్ చట్రాన్నో టెంప్లేట్‌గా దాచుకొని, రెండు మూడు అక్షరాల సంకేతంతో ఎడిటర్‌లోకి రప్పించుకోవడం చాలామందికి అలవాటే. అయితే ఆ చట్రం తెర మీదకు వచ్చినప్పుడు మొదటి వరుస సరైన చోటే ఉండి, ఆ తరువాతి వరుసలు ఒక్కొక్కటి మరింత కుడివైపుకు జరుగుతూ మెట్లలా దిగిపోతే, దాన్ని సర్దడానికి పట్టే సమయం చేత్తో టైపు చేయడానికి పట్టే సమయాన్ని మించిపోతుంది. ఇలాంటప్పుడు చాలామంది ఆటో ఇండెంటేషన్‌ను, అంటే వరుస మొదట్లోని ఖాళీలను ఎడిటర్ తానే పెట్టే సౌకర్యాన్ని, పూర్తిగా ఆపివేస్తారు. అది అనవసరం. మిగిలిన పని అంతటికీ ఉపయోగపడే సౌకర్యాన్ని వదులుకోకుండా, టెంప్లేట్ ప్రవేశించే ఆ ఒక్క క్షణానికి మాత్రమే దాన్ని పక్కన పెట్టడం ఎలాగో ఇక్కడ వరుసగా చూద్దాం.

ముందుగా కారణం తెలుసుకోవాలి. టెంప్లేట్‌లో మీరు రాసుకున్న ఖాళీలు ఒక వైపు ఉంటాయి. ఎంటర్ నొక్కిన ప్రతిసారీ ఎడిటర్ తనంతట తాను చేర్చే ఖాళీలు మరో వైపు ఉంటాయి. టెంప్లేట్‌లోని పాఠాన్ని ఎడిటర్ ఒక ముద్దగా తీసుకొని బఫర్‌లో (తెరిచిన ఫైలు పాఠం ఉండే చోట) పెడితే మొదటివి మాత్రమే మిగులుతాయి. అదే పాఠాన్ని మీరు కీబోర్డు మీద టైపు చేస్తున్నట్లుగా ఒక్కొక్క అక్షరమే లోపలికి పంపితే, వరుస మారిన ప్రతిచోటా రెండో రకం ఖాళీలు కూడా వచ్చి చేరతాయి. కాబట్టి ఒక టెంప్లేట్‌కు ఇండెంటేషన్ బాధ్యత ఎవరిదో, మీదో ఎడిటర్‌దో, ముందే తేల్చుకోవాలి. ఇద్దరూ ఆ పని చేయబూనడం వల్లనే ఈ తంటా అంతా.

మొదటి అడుగు: లక్షణాన్ని చదవడం

ఏ సెట్టింగునూ ముట్టుకోకముందు ఖాళీలు కంటికి కనిపించేలా చేసుకోండి. విమ్ ఎడిటర్‌లో ‘లిస్ట్’ అనే ఆప్షన్, ఈమాక్స్‌లో ‘వైట్‌స్పేస్ మోడ్’, విఎస్ కోడ్‌లో ‘రెండర్ వైట్‌స్పేస్’ సెట్టింగుకు ‘ఆల్’ అనే విలువ, సబ్లైమ్ టెక్స్ట్‌లో ‘డ్రా వైట్ స్పేస్’ సెట్టింగు ఈ పనికి ఉన్నాయి. ట్యాబ్ ఏదో, స్పేస్ ఏదో కనిపించకుండా చేసే మరమ్మతు ఊహ మీద ఆధారపడిన మరమ్మతే అవుతుంది.

తరువాత ఒక చిన్న పరీక్ష చేయండి. ఒక ఫర్ లూప్, దాని లోపల మూడు వాక్యాలు, చివర మూసే ఫ్లవర్ బ్రాకెట్ ఉన్న టెంప్లేట్‌ను తీసుకోండి. లోపలి మూడు వాక్యాలకూ టెంప్లేట్‌లోనే నాలుగేసి స్పేసులు ఉన్నాయనుకుందాం. దాన్ని ఖాళీ ఫైలులో మొదటి నిలువు వరుస నుంచి చొప్పించండి. లోపలి వాక్యాలు వరుసగా 4, 8, 12 స్పేసుల దగ్గర మొదలై, మూసే బ్రాకెట్ కూడా 12 దగ్గరే వేలాడుతుంటే, ఎడిటర్ కేవలం పై వరుస ఇండెంటేషన్‌ను కింది వరుసకు నకలు చేస్తోందన్న మాట. వాక్యాలు 8, 12, 16 దగ్గర మొదలై, మూసే బ్రాకెట్ మాత్రం చక్కగా మొదటి నిలువు వరుసకు తిరిగి వచ్చిందంటే, ఆ భాష వ్యాకరణం తెలిసిన ఇండెంటేషన్ నియమం పని చేస్తోందని అర్థం. తెరిచే బ్రాకెట్ చూసి అది ఒక మెట్టు చేర్చింది, మూసే బ్రాకెట్ చూసి దాని జతను వెతికి వెనక్కి లాగింది.

మెట్లు ఏర్పడకుండా, మొదటి వరుస తప్ప మిగిలిన అన్నీ ఒకే కొలతలో కుడివైపుకు జరిగితే, అది వేరే సమస్య. ఏదో ఒక క్లాస్ లోపలి నుంచి కోడ్‌ను నకలు తీసి టెంప్లేట్‌గా దాచినప్పుడు, ఆ క్లాస్ తాలూకు ఇండెంటేషన్ కూడా దానితోపాటే వచ్చి ఉంటుంది. ఇక టెంప్లేట్ వచ్చినప్పుడు అంతా సవ్యంగా ఉండి, మీరు అందులో కోలన్ గానీ మూసే బ్రాకెట్ గానీ టైపు చేయగానే ఒక వరుస మాత్రం గెంతితే, దోషం టెంప్లేట్‌ది కానే కాదు. కొన్ని అక్షరాలు పడగానే ఆ వరుసను మళ్లీ లెక్కగట్టే నియమం వల్ల అలా జరుగుతుంది.

రెండో అడుగు: టెంప్లేట్‌ను శుభ్రం చేయడం

టెంప్లేట్‌లోని మొదటి వరుస ఎప్పుడూ సున్నా ఇండెంటేషన్‌తో మొదలు కావాలి. మిగిలిన వరుసల లోతును ఆ మొదటి వరుసతో పోల్చి మాత్రమే రాయాలి. కర్సర్ ఉన్న చోటి లోతును కలుపుకొనే పని ఎడిటర్‌ది. విఎస్ కోడ్, సబ్లైమ్ టెక్స్ట్ వంటివాటి స్నిప్పెట్ (ఎడిటర్‌లో దాచుకునే టెంప్లేట్) యంత్రాంగం ఈ కలిపే పనిని తనంతట తాను చేస్తుంది.

లోపలి మెట్లను స్పేసులతో కాకుండా ట్యాబ్‌లతో రాయడం మేలు. ఫైలులో స్పేసులే వాడాలన్న నియమం ఉన్నవారికి ఈ సలహా మొదట వింతగా అనిపించవచ్చు. కానీ విఎస్ కోడ్‌లోనూ, సబ్లైమ్ టెక్స్ట్‌లోనూ, విమ్‌కు చెందిన అల్టిస్నిప్స్ అనే ప్లగిన్‌లోనూ (అదనపు సాధనంలోనూ) స్నిప్పెట్‌లోని ట్యాబ్‌ను ‘ఒక మెట్టు’ అని చదువుకొని, ఆ ఫైలుకు మీరు నిర్ణయించిన ప్రకారం రెండు స్పేసులుగానో, నాలుగు స్పేసులుగానో మార్చి చొప్పిస్తారు. నాలుగు స్పేసులు నేరుగా రాసిన టెంప్లేట్ రెండు స్పేసుల ప్రాజెక్టులో ఎప్పుడూ పరాయిదిగానే కనిపిస్తుంది. విఎస్ కోడ్ స్నిప్పెట్ ఫైలు జేసన్ అనే డేటా రూపంలో ఉంటుంది కాబట్టి అందులో ట్యాబ్‌ను నేరుగా నొక్కకూడదు. వెనుకగీత (బ్యాక్‌స్లాష్) పక్కన చిన్న ‘టి’ అక్షరం ఉంచాలి. అల్టిస్నిప్స్‌లో ఏదైనా ఒక స్నిప్పెట్‌కు ట్యాబ్‌లు ట్యాబ్‌లుగానే మిగలాలంటే దాని ఆప్షన్లలో ‘టి’ చేర్చాలి. విమ్‌కే చెందిన మరో ప్లగిన్ స్నిప్‌మేట్ పద్ధతిలో మరో చిక్కు ఉంది: అక్కడ స్నిప్పెట్ దేహం మొత్తం ఒక ట్యాబ్ లోపలికి ఉండి తీరాలి, ఆ ట్యాబ్ స్నిప్పెట్‌లో భాగం కాదు. ఒక యంత్రాంగం నుంచి మరోదానికి స్నిప్పెట్లను తరలించినప్పుడు ఒక మెట్టు ఎక్కువ కావడానికి ఇదే కారణం కావచ్చు.

మూడో అడుగు: మీ ఎడిటర్‌లో దారి మార్చడం

విమ్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే ఒకే పాఠాన్ని లోపలికి తెచ్చే దారులు అక్కడ అనేకం, ఒక్కో దారి ఇండెంటేషన్ విషయంలో ఒక్కోలా ప్రవర్తిస్తుంది.

ఈ సమస్యకు అందరూ చెప్పే మందు ‘సెట్ పేస్ట్’ కమాండు. అది ఆటోఇండెంట్, స్మార్ట్‌ఇండెంట్, సిండెంట్ వంటి ఇండెంటేషన్ ఆప్షన్లను ఒక్కసారిగా నిద్రపుచ్చుతుంది. బయటి నుంచి టెర్మినల్‌లోకి పేస్ట్ చేసే పాఠానికి అది సరిపోతుంది కూడా. కానీ అదే సమయంలో అది ఇన్సర్ట్ మోడ్‌లోని (టైపు చేసే స్థితిలోని) మ్యాపింగులనూ (ఒక కీకి అప్పగించిన కీల వరుసలు), అబ్రివియేషన్లనూ (టైపు చేయగానే విస్తరించే పొట్టి పదాలు) పని చేయనివ్వదు, ట్యాబ్‌ను స్పేసులుగా మార్చే ‘ఎక్స్‌పాండ్‌ట్యాబ్’‌ను కూడా ఆపేస్తుంది. మీ టెంప్లేట్ ఒక అబ్రివియేషన్‌గా ఉంటే ‘సెట్ పేస్ట్’ పెట్టిన వెంటనే ఆ టెంప్లేట్ రావడమే మానేస్తుంది! కాబట్టి టెంప్లేట్ల విషయంలో దీన్ని నమ్ముకోకండి. క్లిప్‌బోర్డు విషయంలోనూ దీని అవసరం తగ్గిపోయింది. విమ్ 8 తరువాతి రూపాలు, దాని శాఖ అయిన నియోవిమ్, టెర్మినల్ సహకరిస్తే పేస్ట్ అయిన పాఠానికి ముందూ వెనుకా వచ్చే గుర్తులను చూసి అది టైపు చేసిన పాఠం కాదని గ్రహిస్తాయి. దీనినే బ్రాకెటెడ్ పేస్ట్ అంటారు.

అబ్రివియేషన్‌గానో, ఇన్సర్ట్ మోడ్ మ్యాపింగ్‌గానో రాసుకున్న టెంప్లేట్ అచ్చంగా టైపు చేసిన పాఠమే. అందులోని ప్రతి ఎంటర్ గుర్తు దగ్గరా ఇండెంటేషన్ లెక్క మొదలవుతుంది. దీనికి రెండు పరిష్కారాలు ఉన్నాయి. ఆ భాషకు నమ్మదగిన ఇండెంటేషన్ నియమం ఉంటే, మ్యాపింగ్‌లో ఎంటర్ తరువాత మీరు రాసిన ఖాళీలన్నీ తీసేసి, ఆ బాధ్యతను విమ్‌కే అప్పగించండి. సి, జావా వంటి భాషలకు ఇది చక్కగా సరిపోతుంది. నియమం మీద నమ్మకం లేకపోతే, టెంప్లేట్ పాఠాన్ని ఒక రిజిస్టర్‌లో (విమ్ పాఠాన్ని దాచుకునే, పేరున్న అరలో) ఉంచి, ఇన్సర్ట్ మోడ్‌లో కంట్రోల్ ఆర్, వెంటనే కంట్రోల్ ఓ, ఆపైన రిజిస్టర్ పేరు నొక్కండి. ఈ దారిలో పాఠం ఉన్నది ఉన్నట్లుగా, ఆటో ఇండెంటేషన్ లేకుండా వస్తుంది. కంట్రోల్ ఓ బదులు కంట్రోల్ పి నొక్కితే పాఠంతోపాటు ఇండెంటేషన్ కూడా అక్కడి లోతుకు తగినట్లు సవరించబడుతుంది. ఏమీ లేకుండా కంట్రోల్ ఆర్, రిజిస్టర్ పేరు మాత్రమే నొక్కితే అది మళ్లీ టైపు చేసినట్లే లెక్క. కంట్రోల్ ఆర్‌ను రెండుసార్లు నొక్కే పద్ధతి కూడా ఒకటుంది గాని, అది పాఠంలోని ప్రత్యేక అక్షరాలను కాపాడుతుందే తప్ప ఆటో ఇండెంటేషన్‌ను ఆపదు. పేర్లు దగ్గరగా ఉండటం వల్ల చాలామంది ఇక్కడే పొరపడతారు. రిజిస్టర్‌లోని పాఠం పూర్తి వరుసలుగా నకలు తీసినదైతే, కంట్రోల్ ఓ పద్ధతిలో అది ప్రస్తుత వరుసకు పైన వచ్చి కూర్చుంటుందన్నది కూడా గుర్తుంచుకోండి.

నార్మల్ మోడ్‌లో (కమాండులు ఇచ్చే స్థితిలో) ఉన్నప్పుడు ‘పి’ కమాండుతో పెట్టిన పాఠానికి ఆటో ఇండెంటేషన్ వర్తించదు. మూసే స్క్వేర్ బ్రాకెట్ నొక్కి ఆపైన ‘పి’ నొక్కితే, పూర్తి వరుసల పాఠాన్ని ప్రస్తుత వరుస లోతుకు జరిపి పెడుతుంది. సున్నా నుంచి మొదలయ్యే టెంప్లేట్‌ను లోతైన బ్లాకులో పెట్టడానికి ఇంతకంటే సులువైన ఉపాయం విమ్‌లో లేదనే చెప్పాలి.

టెంప్లేట్ విడి ఫైలుగా ఉంటే ‘రీడ్’ కమాండు వాడండి. ఆ ఫైలులోని వరుసలు ఏ మార్పూ లేకుండా కర్సర్ ఉన్న వరుస కింద చేరతాయి. కొత్త ఫైలు తెరవగానే చట్రం రావాలనుకుంటే, ‘బఫ్‌న్యూఫైల్’ ఆటోకమాండుతో ‘రీడ్’ను కలిపి, దాని ముందు సున్నా ఉంచండి, సున్నా లేకపోతే ఫైలు మొదట్లో ఒక ఖాళీ వరుస మిగిలిపోతుంది. స్క్రిప్టులో రాసుకునేవారికి ‘అపెండ్’ ఫంక్షన్ కూడా ఇదే విధంగా పని చేస్తుంది. ఇలా చేర్చిన భాగాన్ని తరువాత భాష నియమం ప్రకారం సర్దాలనుకుంటే, చివరిగా మారిన భాగం మొదలు, తుది గుర్తుల మధ్య ‘=’ ఆపరేటర్‌ను నడపండి. ఫైలు మొత్తం మీద దాన్ని నడిపితే ఇతరులు రాసిన వరుసలు కూడా కదిలిపోతాయి.

ఎవరు జరుపుతున్నారో తేలకపోతే ‘వెర్బోస్ సెట్’ తరువాత ఆప్షన్ పేరు, ప్రశ్న గుర్తు రాసి అడగండి. ఆ విలువను చివరిసారి ఏ స్క్రిప్టు మార్చిందో విమ్ చెబుతుంది. ఆటోఇండెంట్, స్మార్ట్‌ఇండెంట్, సిండెంట్, ఇండెంట్‌ఎక్స్‌ప్ర్ అనే నాలుగింటినీ ఇలా అడిగితే దొంగ దొరికిపోతాడు. టైపు చేస్తుండగా వరుస గెంతే సమస్యకు మాత్రం ‘ఇండెంట్‌కీస్’ను, సి తరహా భాషల్లో ‘సిన్‌కీస్’ను చూడాలి, అందులోంచి కోలన్ వంటి అక్షరాన్ని తీసేస్తే గెంతడం ఆగుతుంది. ఈ మార్పులను మీ ముఖ్య సెట్టింగుల ఫైలులో రాస్తే భాషకు సంబంధించిన స్క్రిప్టు తరువాత వచ్చి వాటిని చెరిపేస్తుంది. ‘ఆఫ్టర్’ ఫోల్డర్ లోపలి ‘ఇండెంట్’ ఫోల్డర్‌లో ఆ భాష పేరుతో ఒక ఫైలు పెట్టి, ‘సెట్‌లోకల్’‌తో రాయండి.

ఈమాక్స్‌లో యాస్‌నిప్పెట్ అనే స్నిప్పెట్ ప్యాకేజీ వాడేవారు ‘యాస్ ఇండెంట్ లైన్’ అనే చరరాశిని చూడాలి. దాని సహజ విలువ ‘ఆటో’. అంటే చొప్పించిన ప్రతి వరుసనూ ఆ భాషకు చెందిన మోడ్ నియమం ప్రకారం మళ్లీ సర్దుతుంది. ‘ఫిక్స్‌డ్’ అని ఇస్తే, స్నిప్పెట్‌లో మీరు రాసిన ఆకారం చెడకుండా, మొత్తాన్ని కర్సర్ ఉన్న నిలువు వరుసకు జరుపుతుంది. ‘నిల్’ ఇస్తే ఏమీ ముట్టుకోదు. దీన్ని అన్ని స్నిప్పెట్లకూ మార్చనక్కరలేదు. ఇబ్బంది పెడుతున్న స్నిప్పెట్ ఫైలు పైభాగంలో ‘ఎక్స్‌పాండ్ ఎన్వ్’ అనే వరుసలో ఈ విలువను ఇస్తే, ఆ ఒక్కదానికే వర్తిస్తుంది. ఇంత సన్నటి మార్పుకు వీలిచ్చే ఎడిటర్లు తక్కువే. స్నిప్పెట్ కాకుండా కీబోర్డు మ్యాక్రో (రికార్డు చేసుకున్న కీల వరుస) ద్వారా టెంప్లేట్ తెస్తుంటే, ఎంటర్ నొక్కగానే వరుసను జరిపే ‘ఎలక్ట్రిక్ ఇండెంట్ మోడ్’ అడ్డు వస్తుంది. 2014లో వచ్చిన ఈమాక్స్ 24.4 నుంచి అది మొదటి నుంచే పని చేసే స్థితిలో ఉంటుంది. మ్యాక్రోలో ఎంటర్ బదులు కంట్రోల్ క్యూ, కంట్రోల్ జె నొక్కితే ఇండెంటేషన్ లేని వట్టి కొత్త వరుస వస్తుంది.

విఎస్ కోడ్‌లో పొరపాటు తరచుగా వేరే చోట జరుగుతుంది. సమస్య కనబడగానే ‘ఆటో ఇండెంట్’ సెట్టింగును ‘నన్’ చేస్తారు, అయినా స్నిప్పెట్ అలాగే జరుగుతుంది. ఎందుకంటే స్నిప్పెట్ రెండో వరుస నుంచి ప్రస్తుత వరుస లోతును కలపడం స్నిప్పెట్ యంత్రాంగం సొంత పని. దాని తాళంచెవి ఆ సెట్టింగులో లేదు. అందుచేత ఇక్కడ మరమ్మతు దాదాపు ఎప్పుడూ రెండో అడుగులో చెప్పినదే: టెంప్లేట్‌లోంచి అదనపు లోతును తీసేయడం. పేస్ట్ చేసిన పాఠం జరుగుతుంటే మాత్రం ‘ఆటో ఇండెంట్’ విలువనూ, ‘ఫార్మాట్ ఆన్ పేస్ట్’‌నూ చూడండి. ‘ఫుల్’ అనే విలువ బదులు ‘కీప్’ ఇస్తే పై వరుస లోతును నిలబెట్టడం వరకే పరిమితమవుతుంది. ఈ మార్పును ఒక్క భాషకే పరిమితం చేయడానికి, సెట్టింగుల ఫైలులో ఆ భాష పేరును స్క్వేర్ బ్రాకెట్లలో రాసి దాని కింద ఉంచండి. మెట్టు వెడల్పే తప్పుగా వస్తుంటే ‘డిటెక్ట్ ఇండెంటేషన్’‌ను అనుమానించండి. అది ఫైలును తెరిచినప్పుడు అందులోని పద్ధతిని పసిగట్టి మీరు ఇచ్చిన వెడల్పును పక్కన పెడుతుంది.

మీరే విఎస్ కోడ్‌కు ఎక్స్‌టెన్షన్ (అదనపు సాధనం) రాస్తున్నట్లయితే, సూచనగా పంపే అంశానికి ‘కీప్ వైట్‌స్పేస్’ అనే గుణం ఇస్తే ఎడిటర్ ఖాళీలను సర్దకుండా వదిలేస్తుంది. ఎడిటర్‌కూ భాషా సాధనాలకూ మధ్య సంభాషణ నియమాలైన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ 3.16లో చేర్చిన ‘ఇన్సర్ట్ టెక్స్ట్ మోడ్’ కూడా ఇందుకే ఉంది: 1 అంటే ఉన్నది ఉన్నట్లు, 2 అంటే లోతును సర్ది పెట్టమని.

సబ్లైమ్ టెక్స్ట్‌లో స్నిప్పెట్ల కన్నా ప్లగిన్లు, మ్యాక్రోలు ఎక్కువగా ఈ సమస్యను తెస్తాయి. ‘ఇన్సర్ట్’ కమాండుకు కొత్త వరుసలున్న పాఠాన్ని ఇస్తే అది టైపు చేసిన దానిలా సాగి, ‘ఆటో ఇండెంట్’ ప్రభావానికి లోనవుతుంది. దాని బదులు ‘ఇన్సర్ట్ స్నిప్పెట్’ కమాండు వాడండి, లేదా ప్లగిన్ లోపల వ్యూ తాలూకు ‘ఇన్సర్ట్’ మెథడ్‌తో పాఠాన్ని నేరుగా బఫర్‌లో పెట్టండి. ఇంటెలిజే కుటుంబపు ఎడిటర్లలో అయితే పని చిన్నదే: సెట్టింగులలో ‘ఎడిటర్’ కింద ‘లైవ్ టెంప్లేట్స్’ తెరిచి, ఆ టెంప్లేట్‌కు ‘రీఫార్మాట్ అకార్డింగ్ టు స్టైల్’ అన్న చోట టిక్ తీసేయండి. పేస్ట్ విషయంలో ‘స్మార్ట్ కీస్’ పేజీలోని ‘రీఫార్మాట్ ఆన్ పేస్ట్’‌కు ‘నన్’ ఇవ్వవచ్చు.

ఇండెంటేషనే అర్థమైన చోట

బ్రాకెట్లున్న భాషల్లో వరుసలు చెదిరితే కంటికి ఇబ్బందే గాని ప్రోగ్రాం మారదు. పైథాన్‌లో అలా కాదు. ఒక వాక్యం లూప్ లోపలిదా బయటిదా అన్నది దాని ముందున్న ఖాళీలే చెబుతాయి కాబట్టి, చెదిరిన పైథాన్ టెంప్లేట్‌ను ఏ ఆటోమేటిక్ సర్దుబాటూ నమ్మకంగా బాగుచేయలేదు. సర్దిన తరువాత అది లోపం లేకుండా నడుస్తూనే వేరే పని చేయవచ్చు. ఇక్కడ అన్‌డూ చేసి, సరైన దారిలో మళ్లీ చొప్పించడమే క్షేమం. సెట్టింగులు రాయడానికి వాడే యామెల్‌లో ఇండెంటేషన్‌కు ట్యాబ్ నిషిద్ధం, కనుక ట్యాబ్‌లతో రాసిన స్నిప్పెట్ స్పేసులుగా మారిందో లేదో తప్పక చూసుకోవాలి. ప్రోగ్రాం నిర్మించే ఆదేశాలుండే మేక్‌ఫైల్‌లో పరిస్థితి సరిగ్గా తలకిందులు: రెసిపీ (ఆదేశం) వరుస ట్యాబ్‌తోనే మొదలు కావాలి, అందువల్ల ఆ ఫైళ్లకు ట్యాబ్‌ను స్పేసులుగా మార్చే సెట్టింగు ఆపి ఉండాలి. షెల్ స్క్రిప్టులోని హియర్ డాక్యుమెంట్ (స్క్రిప్టులోనే పొందుపరిచిన పాఠం) ముగింపు పదం వరుస మొదట్లోనే ఉండాలి. ఎడిటర్ దాన్ని ఒక్క స్పేసు జరిపినా షెల్‌కు అది ముగింపుగా కనిపించదు. ప్రారంభ గుర్తు పక్కన అడ్డగీత చేర్చిన రూపంలో మాత్రం ముందున్న ట్యాబ్‌లను షెల్ తీసేస్తుంది, స్పేసులను కాదు. ఇలాంటి టెంప్లేట్లకు ఈమాక్స్‌లో ‘నిల్’, విమ్‌లో ‘రీడ్’ వంటి ముట్టుకోని దారులే తగినవి.

చివరి అడుగు: సరిచూసుకోవడం

మార్పు చేసిన తరువాత టెంప్లేట్‌ను ఖాళీ ఫైలులో మొదటి నిలువు వరుస నుంచి, రెండు మెట్ల లోతున్న బ్లాకు లోపల, అప్పటికే కొంత పాఠం ఉన్న వరుస చివర చొప్పించి చూడండి. మొదటి పరీక్షలో నెగ్గి రెండోదాంట్లో ఓడితే, ప్రస్తుత లోతును ఎవరూ కలపడం లేదు, లేదా ఇద్దరూ కలుపుతున్నారు. మూడోది చాలా ఎడిటర్లలో కొంత వింతగానే వస్తుంది, దాని కోసం మిగతావాటిని చెడగొట్టుకోకండి.

ఈలోగా పాత ఫైళ్లలో చెదిరిన వరుసలు చేరిపోయి ఉంటే, వాటిని సర్దిన తరువాత ఫైళ్ల మార్పుల చరిత్రను దాచే గిట్‌లో, తేడాలను చూపే ‘డిఫ్’ కమాండును ఖాళీలను పట్టించుకోని ‘డబ్ల్యూ’ ఆప్షన్‌తో నడపండి. బ్రాకెట్ల భాషలో ఆ డిఫ్ ఖాళీగా వస్తే మీరు ఖాళీలు తప్ప మరేదీ మార్చలేదని తేలుతుంది. పైథాన్, యామెల్ ఫైళ్లకు మాత్రం ఆ పరీక్ష చాలదు, మామూలు డిఫ్‌ను వరుస వరుసగా చదవాలి. ఈ సర్దుబాటును ఇతర మార్పులతో కలపకుండా విడి కమిట్‌గా (గిట్‌లో ఒక విడి నమోదుగా) ఉంచితే, తరువాత ఆ ఫైలు చరిత్ర చూసేవారు దాన్ని ఒక్క చూపులో దాటిపోగలరు.